డిజ్రేలీ సమాధి ఎవరిది?

బెంజమిన్ డిజ్రేలీ 1881 ఏప్రిల్ 19న లండన్‌లో కన్నుమూశాడు. రెండుసార్లు బ్రిటన్ ప్రధాని అయినవాడు. జీవితమంతా ఆయనతో కత్తులు నూరిన గ్లాడ్‌స్టన్ అప్పుడు ప్రధాని పీఠంలో ఉన్నాడు. వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపిద్దామని ఆయనే ముందుకు వచ్చాడు. కానీ వీలునామా అందుకు దారి ఇవ్వలేదు. బకింగ్‌హామ్‌షైర్‌లోని హ్యూఎండెన్ పల్లెలో, ఎనిమిదేళ్ల కిందట పోయిన భార్య మేరీ ఆన్ పక్కన, ఆమెకు జరిగినంత నిరాడంబరంగానే తననూ పూడ్చాలని డిజ్రేలీ రాసిపెట్టుకున్నాడు. ఏప్రిల్ 26న అలాగే చేశారు.

ఆ పల్లె చర్చి పేరు సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్. డిజ్రేలీ బతికుండగానే, 1874-75లో, ఆర్థర్ బ్లోమ్‌ఫీల్డ్ అనే వాస్తుశిల్పి దాన్ని దాదాపు కొత్తగా కట్టించాడు. చర్చి తూర్పు వైపున, గోడ బయట కుటుంబ సమాధి ఉంది. నేల కింద శవపేటికలు ఉంచే మాళిగ, పైన పేర్లు చెక్కిన రాళ్లు. చూడటానికి ఇంతే.

నూట నలభై ఏళ్లు దాటాక ఒక ప్రశ్న వేసుకుందాం. ఆ రాయికి బీట పడితే ఎవరు బాగు చేయించాలి? అక్షరాలు చెరిగిపోతే ఎవరు తిరిగి చెక్కించవచ్చు? ఊరివాడొకడు ఆదివారం పూట బకెట్ నీళ్లు, తీగ బ్రష్షు పట్టుకొచ్చి నాచు గీకేస్తే అది పుణ్యమా, నేరమా? రక్షిత కట్టడం అనగానే మనకు కళ్లముందు మెదిలేది పురావస్తు శాఖ బోర్డు, ఒక కాపలాదారు, పాడు చేస్తే జైలు అనే హెచ్చరిక. సర్కారుదే సొత్తు, సర్కారుదే పూచీ. ఇంగ్లండ్ పల్లెటూరి సమాధి విషయంలో ఈ లెక్క ఏ కోశానా కుదరదు. అక్కడ రక్షణ ఒకరిది, సొత్తు ఒకరిది, అనుమతి ఇంకొకరిది. డబ్బు మాత్రం ఎవరిదీ కాదు.

అడుగు నుంచి మొదలుపెడదాం. మాళిగలో ఉన్న దేహానికి యజమాని లేడు. ఇంగ్లిష్ న్యాయశాస్త్రంలో శవం ఎవరి ఆస్తీ కాదు. ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టిన విలియమ్స్ వర్సెస్ విలియమ్స్ తీర్పు వచ్చింది 1882లో, అంటే డిజ్రేలీని పూడ్చిన మరుసటి ఏడే. తన శరీరాన్ని ఏం చేయాలో వీలునామాలో రాసిన మాటకు చట్టం చేత అమలయ్యే బలం లేదని కూడా అందులోనే తేల్చారు. డిజ్రేలీ కోరిక నెరవేరిందంటే అది ఆయన వీలునామాను అమలు చేసినవారి మంచితనమే తప్ప చట్టం నిర్బంధం కాదు.

దేహం కింద, చుట్టూ ఉన్న నేల విషయానికి వస్తే, ఆ చర్చికి ఎవరు పాస్టరుగా ఉంటే ఆయన హోదాకు అది దఖలు పడి ఉంటుంది. మనిషికి కాదు, హోదాకు. అమ్ముకోలేడు, కుదువ పెట్టలేడు. మన దేవాలయ మాన్యం మీద అర్చకుడికి ఉండే హక్కును తలచుకుంటే కొంత దగ్గరగా అర్థమవుతుంది. దీని మీద బిషప్పు చేసిన ప్రతిష్ఠ ఒకటి ఉంటుంది. ప్రతిష్ఠ జరిగిన నేల చర్చి న్యాయస్థానం అధికారం కిందికి వెళుతుంది, అక్కడి నుంచి బయటికి రావడం దాదాపు అసాధ్యం.

కుటుంబం ఆ జాగాను కొనుక్కోలేదా అని అడగవచ్చు. చర్చి ఆవరణలో అలా కొనుక్కోవడం ఉండదు. పారిష్‌లో, అంటే ఆ చర్చి పరిధిలో, నివసించే వారికి, అక్కడ చనిపోయిన వారికి ఏ మతస్థులైనా సరే అక్కడ పూడ్చబడే హక్కు ఉంది. ఎక్కడ పూడ్చాలన్నది మాత్రం పాస్టరు నిర్ణయం. ఫలానా చోటే కావాలంటే ముందుగా చర్చి న్యాయస్థానం నుంచి అనుమతి తెచ్చుకోవాలి. మున్సిపాలిటీల శ్మశానాల పద్ధతి వేరు. అక్కడ రుసుము కట్టి నిర్ణీత కాలానికి హక్కు పొందుతారు, నూరేళ్లకు మించి ఇవ్వరు. తెలుగువాళ్లు వెతుక్కుంటూ వెళ్లే రెండు సమాధులు కూడా చర్చి ఆవరణల్లో లేవు. కాటన్ దొర డోర్కింగ్ శ్మశానంలో, సి.పి. బ్రౌన్ లండన్ కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నారు. ఆ రెంటికీ ఈ వ్యాసంలోని చిక్కుముళ్లలో సగం వర్తించవు.

హ్యూఎండెన్ మాళిగలో ఊరికి చెందని మనిషి ఒకరున్నారు. సరా బ్రిడ్జెస్ విలియమ్స్ అనే ఆ వితంతువు సముద్రతీరాన టార్కీ పట్టణంలో ఉండేది. యూదు మూలాలున్న కుటుంబం ఆమెది. పన్నెండేళ్ల వయసులో క్రైస్తవ బాప్తిస్మం పొందిన డిజ్రేలీది కూడా పుట్టుకతో యూదు కుటుంబమే. 1851లో ఆమె ఆయనకు ఉత్తరం రాసి, తన వీలునామాను అమలు చేసే బాధ్యత తీసుకోమని కోరింది. పన్నెండేళ్లు ఉత్తరాల స్నేహం సాగింది. 1863లో ఆమె చనిపోతూ డిజ్రేలీకి 30 వేల పౌండ్లకు పైగా ఇచ్చింది. హ్యూఎండెన్‌లో ఆ దంపతుల పక్కన తనకూ చోటివ్వాలన్నది ఆమె కోరిక. ఎప్పుడూ అప్పుల్లో మునిగితేలే మనిషికి అది ఎంత పెద్ద మొత్తమో చెప్పనక్కరలేదు. హ్యూఎండెన్ ఎస్టేటును 1848లో కొన్నదే రాజకీయ మిత్రులైన బెంటింక్ కుటుంబం సర్దిన అప్పుతో. ఊరివాసి కాని సరాకు ఆ నేల మీద హక్కు లేదు, పాస్టరు సమ్మతి కావాలి. ఆ పల్లెకు డిజ్రేలీయే జమీందారు కాబట్టి కాదనగలిగినవారు ఎవరుంటారో మనం ఊహించుకోవచ్చు.

రాయి మాత్రం కుటుంబానిదే

చాలామంది పొరబడే చోటు ఇదే. నేల చర్చిదైనా దాని మీద నిలబెట్టిన రాయి చర్చిది కాదు. ఎవరు నిలబెట్టించారో వారిది. వారు పోయాక, ఆ స్మారకం ఎవరి జ్ఞాపకార్థం ఉందో ఆ మనిషి వారసులది. పాత ఆచారంగా ఉన్న ఈ నియమాన్ని 1964లో చర్చి చట్టంలో స్పష్టంగా రాశారు, 2018 చట్టం దాన్ని కొనసాగించింది.

ఇప్పుడు దీన్ని హ్యూఎండెన్‌కు పెట్టి చూడండి. డిజ్రేలీ దంపతులకు పిల్లలు లేరు. మేరీ ఆన్‌కు మొదటి పెళ్లి వల్ల కూడా సంతానం లేదు. ఎస్టేటు తమ్ముడి కొడుకు కోనింగ్స్‌బీకి వెళ్లింది. ఆయన 1936లో సంతానం లేకుండానే పోయాడు. ఇల్లు చేతులు మారి 1947లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు చేరింది. టికెట్టు కొని డిజ్రేలీ ఇంట్లోకి వెళ్లేవారు, ఆ కొండ కింద చర్చి ఆవరణ కూడా ట్రస్టుదే అనుకుంటారు. ఇంటిని కొన్నంత మాత్రాన సమాధి రాళ్లు వెంట రావు. అవి ఎస్టేటులో భాగం కావు. డిజ్రేలీ పేరున్న రాయికి డిజ్రేలీ వారసులు, మేరీ ఆన్ పేరున్న దానికి ఆమె పుట్టింటి వారసులు, సరా పేరున్న దానికి ఆమె వారసులు. ఒకే సమాధి, మూడు వంశవృక్షాలు. మన పల్లెల్లో ఉమ్మడి గోడ తగాదాలు చూసినవారికి ఇది వింతగా తోచదు గానీ, ఇక్కడ తగవు పడటానికైనా మనుషులు దొరకాలి కదా.

ఇంగ్లండ్ చర్చి ఆవరణల్లోని విక్టోరియా కాలపు కుటుంబ సమాధుల్లో పెద్ద సమస్య ఇదే. 1860లలో ఊరి జమీందారో, బీరు వ్యాపారో, మిల్లు యజమానో తన వంశం ఎప్పటికీ ఇక్కడే ఉంటుందన్న ధీమాతో కట్టించుకున్నాడు. రెండు తరాలకు వంశం పట్నం చేరింది, మూడో తరం కెనడాకో ఆస్ట్రేలియాకో వలస పోయింది. రాయి మిగిలింది. చట్టప్రకారం యజమాని ఉన్నాడు, వాస్తవంలో లేడు. అందుకే చర్చి న్యాయస్థానానికి ఒక వెసులుబాటు ఇచ్చారు. యజమాని కోసం తగినంత వెతికినా దొరకకపోతే, దొరికినా ఒప్పుకోకపోతే, ఆయన సమ్మతి లేకుండానే పనికి అనుమతి ఇవ్వవచ్చు.

ఆ అనుమతి పేరు "ఫ్యాకల్టీ". ఇచ్చే న్యాయమూర్తిని "ఛాన్సలర్" అంటారు. కాలేజీ గేటు ముందు నిలబడినట్టు అనిపిస్తే మీ తప్పు కాదు. లాటిన్‌లో ఆ మొదటి మాటకు వీలు, అధికారం అనే అర్థాలున్నాయి. ప్రతి బిషప్పు పరిధికి ఒక చర్చి న్యాయస్థానం, దానికి న్యాయవాద వృత్తి నుంచి వచ్చిన ఒక ఛాన్సలర్. హ్యూఎండెన్ ఆక్స్‌ఫర్డ్ బిషప్పు పరిధిలోకి వస్తుంది. చర్చి ఆవరణలో రాయి నిలబెట్టాలన్నా, కదిలించాలన్నా, అక్షరం చేర్చాలన్నా అనుమతి లేకుండా కుదరదు. ఆధునిక పద్ధతి సమాధిరాళ్లకు పాస్టరు సంతకం చాలేలా కొన్ని నిబంధనలు ముందే రాసి ఉంచుతారు. విక్టోరియా కాలపు సమాధి ఆ సంతకానికి అందదు.

ఇక శవపేటికను కదిలించడం అంటే ఇంకా గట్టి గోడ. క్రైస్తవ ఖననం శాశ్వతం, అసాధారణ కారణం ఉంటే తప్ప దాన్ని చెదరనివ్వబోమని 2002లో బ్లాగ్డన్ శ్మశానం కేసులో పై చర్చి న్యాయస్థానం చెప్పింది.

రెండు చట్టాలు, ఒక రాయి

ఇప్పటిదాకా చెప్పిందంతా చర్చి చట్టం. దీని పక్కనే దేశం చట్టం నడుస్తుంది. 1947 నాటి పట్టణ ప్రణాళిక చట్టంతో ఇంగ్లండ్‌లో చారిత్రక కట్టడాల జాబితా పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1990 చట్టం. జాబితాలో మూడు శ్రేణులు. మొదటి శ్రేణిలో నూటికి రెండున్నర కట్టడాలు, "రెండు నక్షత్రం" అనే నడిమి శ్రేణిలో ఆరుకు కాస్త తక్కువ, మిగతావన్నీ రెండో శ్రేణి. అనుమతి లేకుండా జాబితా కట్టడాన్ని మారిస్తే రెండేళ్ల వరకు జైలు, పరిమితి లేని జరిమానా. చర్చిల మాదిరిగానే విడిగా సమాధులను కూడా ఈ జాబితాలో చేర్చవచ్చు. అలా చేరినవి వేలల్లో ఉన్నాయి.

కానీ 1913లో, ప్రాచీన కట్టడాల చట్టం పార్లమెంటులో ఉండగా, చర్చి పెద్దలు ఒక మాట చెప్పారు. మా కట్టడాలను మా న్యాయస్థానాలే శతాబ్దాలుగా చూసుకుంటున్నాయి, మమ్మల్ని వదిలేయండి, వ్యవస్థను మేమే చక్కదిద్దుకుంటాం అని. అప్పటి నుంచి వాడుకలో ఉన్న చర్చిలకు ఒక మినహాయింపు. జాబితాలో ఉన్నా స్థానిక మండలి, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, అనుమతి అక్కరలేదు, ఛాన్సలర్ ఫ్యాకల్టీ చాలు. చర్చి ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచి నేలలో పాతుకుపోయి ఉన్న నిర్మాణాలను చర్చి కట్టడంలో భాగంగానే లెక్కిస్తారు. కాబట్టి పెద్ద చర్చి నీడన నిలబడ్డ పాత సమాధికి చర్చి పేరు మీదే రక్షణ వస్తుంది, మినహాయింపు కూడా వస్తుంది.

ఇక్కడే మెలిక. సమాధి తన సొంత పేరుతో విడిగా జాబితాకెక్కిందనుకోండి. అప్పుడు ఆ మినహాయింపు దానికి వర్తించదు. చర్చి ఫ్యాకల్టీ కావాలి, స్థానిక మండలి అనుమతీ కావాలి. అంటే చర్చి గోడకు కొత్త ద్వారం పెట్టడానికి ఒక అనుమతి చాలు, ఆ ద్వారం ఎదుటి సమాధి రాయిని విప్పి తిరిగి కట్టడానికి రెండు కావాలి. ఎవరో ఆలోచించి పెట్టిన నియమం కాదిది. రెండు చట్టాలు తలో దారిన పెరిగి ఒకచోట కొమ్మలు రాసుకున్నాయి, అంతే.

ఛాన్సలర్లు ఇష్టం వచ్చినట్టు సంతకాలు పెడతారని కాదు. 2013లో డఫీల్డ్ చర్చి కేసులో వచ్చిన తీర్పు కొన్ని ప్రశ్నల వరుసను నిర్దేశించింది. ఈ పని వల్ల కట్టడం చారిత్రక ప్రాముఖ్యానికి హాని కలుగుతుందా? కలిగితే ఎంత? దానికి చెబుతున్న సమర్థన ఎంత బలమైనది? ఒనగూరే ప్రజా ప్రయోజనం ఆ హానిని మించుతుందా? దరఖాస్తుతో పాటు ప్రాముఖ్యం ఏమిటో వివరించే పత్రం జత చేయాలి.

ఈ "ప్రాముఖ్యం" అనే మాట దగ్గర తెలుగు పాఠకుడు కాస్త ఆగాలి. డిజ్రేలీ ప్రాముఖ్యం మనకు వేరే వైపు నుంచి కనిపిస్తుంది. 1876లో పార్లమెంటు చేత చట్టం చేయించి విక్టోరియాను భారత చక్రవర్తిని చేసింది ఆయనే. అదే ఏడు ఆమె ఆయనను బీకన్స్‌ఫీల్డ్ ప్రభువును చేసింది. లిట్టన్‌ను వైస్రాయిగా పంపింది కూడా డిజ్రేలీయే. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ దర్బారు అట్టహాసంగా జరుగుతున్నప్పుడు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం తిండి లేక రాలిపోతున్నారు. తెలుగునాట ధాత కరువుగా పేరుపడింది అదే. పని చేసే కూలీకి రోజుకు ఒక పౌను, అంటే అర కిలోకన్నా తక్కువ గింజలు, పైన ఒక అణా చాలని లిట్టన్ పంపిన కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టింది కూడా ఆ నెలల్లోనే. అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్. డిజ్రేలీకి పాత మంత్రివర్గ సహచరుడు, ఆయన జిల్లావాడే. మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే కాలువ ముక్కను కరువు పనిగా తవ్వించారు, ఆ కాలువకే 1878లో డ్యూక్ పేరు పెట్టారు. కృష్ణా డెల్టా నుంచి నెల్లూరు మీదుగా మద్రాసు దాటి పోయే బకింగ్‌హామ్ కాలువ అదే. హ్యూఎండెన్ రాళ్ల ప్రాముఖ్యాన్ని మనం రాయాల్సి వస్తే ఈ పేరా లేకుండా రాయలేం.

బ్రష్షు దగ్గరికి మళ్లీ వస్తే

కాగితాల చిక్కు అలా ఉంచి రాయి గురించి మాట్లాడుకుందాం. విక్టోరియా కాలంలో బాగా వాడుకలో ఉన్న పెట్టె ఆకారపు సమాధులను చూసి, దేహం ఆ రాతిపెట్టెలోనే ఉందనుకుంటారు. లేదు. పెట్టె బోలు. దేహాలు నేల కింద. నాలుగు పక్కలా నిలబెట్టిన రాతి పలకలు, పైన బరువైన మూత, మూలల్లో పలకలను కలిపి పట్టుకునే ఇనుప కొక్కేలు. వానకు తడిసి తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి అసలు పరిమాణానికి కొన్ని రెట్లు చోటు అడుగుతుంది. రాయి ఇవ్వలేదు, పగులుతుంది. పక్క పలక బయటికి ఒరుగుతుంది, మూత కుంగుతుంది. మరమ్మతు చేసేవారు ముందు ఆ ఇనుమును తీసి తుప్పు పట్టని ఉక్కుతోనో కంచుతోనో కొక్కేలు పెడతారు.

తర్వాతి శత్రువు సిమెంటు. ఇరవయ్యో శతాబ్దంలో మంచి చేస్తున్నామనుకుని సందులన్నీ సిమెంటుతో పూడ్చినవారు చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. సిమెంటు గట్టిది, ఊపిరాడనివ్వదు. లోపలి తేమ సందుల గుండా పోలేక మెత్తటి సున్నపురాయి గుండా బయటికి వస్తూ దాని ముఖాన్ని పొడిపొడిగా రాల్చేస్తుంది. అందుకే మళ్లీ సున్నం వైపు మళ్లారు. గానుగ సున్నంతో కోటలు కట్టిన ప్రాంతం వారికి ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. సందులోని పూత ఎప్పుడూ రాయికన్నా మెత్తగా ఉండాలి, అరిగితే పూత అరగాలి.

ఇక నాచు. రాతి మీద బూడిద రంగులో, పసుపుపచ్చగా పట్టు వేసుకుని ఉండేది చాలావరకు నాచు కాదు, లైకెన్. మన మసాలాలో వేసే రాతిపువ్వు ఈ జాతిదే. బ్రిటన్‌లో దాదాపు 2,000 రకాల లైకెన్లు ఉంటే, వాటిలో 700కు పైగా చర్చి ఆవరణల్లో కనిపించాయి. రాతి కొండలు లేని మైదాన ప్రాంతాల్లో వాటికి నూరు, రెండు వందల ఏళ్లుగా కదలని రాయి అంటే సమాధే. ఏడాదికి మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో పెరిగే జీవి అది. తీగ బ్రష్షుతో, బ్లీచింగుతో ఒక్క పూటలో గీకేస్తే లైకెన్‌తో పాటు చెక్కిన అక్షరాల అంచులు కూడా ఊడివస్తాయి. మెత్తటి బ్రష్షు, మంచి నీళ్లు, అవీ అవసరమైన చోటే. చేయకుండా ఉండటమే చాలాసార్లు సరైన పని. నాకైతే ఈ ఒక్క సలహా అనుమతుల వ్యవస్థ మొత్తం కన్నా ఎక్కువ సమాధులను కాపాడిందనిపిస్తుంది.

డబ్బు సంగతి మిగిలింది. దీని గురించి చెప్పేది కొంచెమే, ఎందుకంటే ఉన్నదీ కొంచెమే. జాబితాలో చేర్చినంత మాత్రాన సర్కారు పైసా ఇవ్వదు. జాబితా కట్టడాన్ని చక్కగా ఉంచి తీరాలన్న సాధారణ బాధ్యత కూడా యజమాని మీద లేదు. పాడు చేయకూడదన్నదే చట్టం. పాడవుతుంటే చూస్తూ ఊరుకోకూడదని అంత గట్టిగా అనదు. చర్చి ఆవరణను శుభ్రంగా, ప్రమాదం లేకుండా ఉంచే పని పారిష్ మండలిది, అంటే ఆ చర్చి కమిటీది. ఇక ఖననాలు జరగకుండా అధికారికంగా మూసేసిన ఆవరణ అయితే 1972 చట్టం కింద ఆ బాధ్యతను స్థానిక ప్రభుత్వానికి అప్పగించవచ్చు. 1853 నుంచి ఇలా మూతపడినవి చాలా ఉన్నాయి. అప్పగించాక కూడా నేల చర్చిదే, ఫ్యాకల్టీ తప్పదు. స్థానిక మండలి ఉద్యోగి పని చేసే ముందు ఛాన్సలర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. బయటికి ఒరుగుతున్న పలకను తాత్కాలికంగా పడుకోబెట్టి, చుట్టూ టేపు కట్టి, ఏళ్లు గడిపేయడం ఇందుకే మామూలైపోయింది.

డిజ్రేలీ సమాధికి చూసేవాళ్ల కొరత లేదు. అది అదృష్టవంతుడి సమాధి. మొదటి సందర్శకుల్లో ఒకరు విక్టోరియా రాణి. ప్రజల్లో ఒకరి అంత్యక్రియలకు రాజ్యాధిపతి హాజరు కాకూడదన్న మర్యాద వల్ల ఆమె ఏప్రిల్ 26న రాలేదు. ఆయనకు ఇష్టమైన పూలంటూ ప్రిమ్‌రోజ్ పూలు పంపింది. నాలుగు రోజులకు స్వయంగా హ్యూఎండెన్ వచ్చింది. ఆమె కోసం మాళిగను తెరిచి ఉంచారు. లోపలికి దిగి శవపేటిక మీద పింగాణీ పూల దండ ఉంచింది. తర్వాత చర్చి లోపల తన ఖర్చుతో ఒక స్మారకం పెట్టించింది.

ఇప్పుడు ఇంగ్లండ్ చర్చి ఆవరణలు చాలావాటిలో నోటీసు బోర్డు మీద నియమాలు అంటించి ఉంటాయి. వాటిలో తరచూ కనిపించేది కృత్రిమ పూలు పెట్టరాదన్నది. యుద్ధ మృతుల స్మారక దినానికి పెట్టే గసగసాల పూలకు మాత్రం మినహాయింపు ఇస్తారు. పింగాణీ పూలకు ఇవ్వరు. ఈ రోజుల్లో అయితే రాణిగారు కూడా ఛాన్సలర్‌కు ఒక దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది.